ఒక్క లైటే కడిగాను

మా ఆయన కళ్లు పోయాయని బూర్గంపాడంతా చెప్పుకున్నారు. ఆ మాట తలుచుకుంటే ఇన్నేళ్లకూ నాకు ఒళ్లు మండుతుంది. పోయింది ఆయన కళ్లు కాదు, జీపు లైట్లు.

ఎనభైల్లో సంగతి. కోస్తా నుంచి వచ్చి అడవి అంచున మిరపతోటలు వేసిన ఒక ఆసామి దగ్గర మా ఆయన జీపు నడిపేవాడు. పొద్దున కూలీలను తోటలో దింపి, పొద్దుగూకాక ఇళ్లకు చేర్చాలి. దారిలో రెండు వాగులు. దాటిన ప్రతిసారీ ముందు లైట్లలోకి బురదనీళ్లు చేరేవి. అద్దం చుట్టూ ఉండే రబ్బరు పెళుసెక్కి పగిలిపోయింది మరి. కొత్తది వేయించమని మా ఆయన రెండు వానాకాలాలు అడిగాడు. ఆసామి విననట్టే ఉన్నాడు. పొర మీద పొర కట్టి ఆ అద్దాలు మజ్జిగలో ముంచి తీసినట్టు తయారయ్యాయి.

ఒకరోజు పొద్దుగూకాక మలుపులో ఎద్దులబండి దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు. మా ఆయన బ్రేకు గట్టిగా తొక్కాడు. ఎవరికీ ఏమీ కాలేదు, ముందు కూర్చున్న ఆసామి నుదుటికి మాత్రం బొప్పి కట్టింది.

"నీకు చూపు ఆనట్లేదయ్యా. శనివారం దాకా చూస్తాను. తర్వాత పాల్వంచ నుంచి వేరే డ్రైవర్ని పెట్టుకుంటా" అన్నాడు, కూలీలందరి ముందూ.

తెల్లారేసరికి బోరింగు దగ్గర ఆడవాళ్లు నన్ను పట్టుకున్నారు. "మీ ఆయనకు రేచీకటంట గదా అక్కా. మునగాకు వండి పెడ్తున్నవా లేదా?"

భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు అక్షరాలు చదివించాడు, కంట్లో లైటు వేసి చూశాడు, ఏ లోపమూ లేదని చీటీ రాసిచ్చాడు. ఆసామి ఆ చీటీ తీసుకుని, విప్పనైనా విప్పకుండా జేబులో పెట్టుకున్నాడు.

"లాంతరు చిమ్నీకి మసి పడితే వత్తిని తిట్టే మనిషిని మీ ఆసామినే చూసిన. జీపు ఇంటికి పట్టుకరా" అన్నాను మా ఆయనతో.

"నువ్వు ఊకో. అది నీ లాంతరు కాదు."

"లోపల దీపమే గదా ఉండేది?"

శుక్రవారం మధ్యాహ్నం తెచ్చాడు. ఒక లైటు చుట్టూ ఉన్న రింగు విప్పి అద్దం నా చేతికిచ్చాడు. కుంకుడు రసంతో నానబెట్టి, జల్లించిన బూడిదతో కడిగాను. అద్దం వెనక వెండి పూత పూసిన గిన్నె ఉంటుంది. అలవాటు చొప్పున దాని మీదా బూడిద వేయబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"తోమితే పూత లేచిపోతది. ఇత్తడి చెంబనుకున్నవా?"

దిండ్ల కోసం దాచిన బూరుగు దూది తెచ్చి, నోటి ఆవిరి ఊది, పసిబిడ్డ మొహం తుడిచినట్టు తుడిచాను. పగిలిన రబ్బరు బదులు సైకిల్ ట్యూబు కోసి పెట్టాడు. రెండో లైటు విప్పబోతే నేను వద్దన్నాను.

"రెండూ కడిగితే, నీ కండ్లే మంచిగైనయంటడు. అది గట్లనే ఉండనీ."

మసక పడ్డాక జీపును ఆసామి ఇంటి సున్నపు గోడకు ఎదురుగా పెట్టి లైట్లు వేశాడు. ఒకవైపు గోడ మీద చీమ పాకినా కనపడేంత వెలుగు. రెండోవైపు పచ్చటి మరక. ఆసామి రెండు వైపులా మార్చి మార్చి చూశాడు.

"మరి అదెందుకు కడగలేదు?" అన్నాడు.

 

"కడుగుత అయ్యగారూ. ఈయన కండ్లకు ఏం కాలేదని ముందుగాల ఆ కూలీల ముందట చెప్పున్రి" అన్నాను.

"పనిలో ఉంచుతున్నానుగా. ఇంకేం కావాలమ్మా నీకు?" అని లోపలికి వెళ్లిపోయాడు.

తెల్లారి మా ఆయన రెండో లైటు తానే కడిగాడు. నేను కసిరితే, "ఆయన మాట కోసం సగం చీకట్ల నడపాల్నా? ఎనక కూసునేది మనోళ్లే గదా" అన్నాడు.

పని నిలిచింది. పేరు నిలవలేదు. ఎన్నేళ్లయినా జీపెక్కేవాళ్లలో ఎవరో ఒకరు "కండ్లు మంచిగున్నయా అన్నా?" అని నవ్వేవారు. మంచిగున్నాయని రాసిన చీటీ ఆసామి జేబులోకి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.