బావ ముంచిన పెట్టె

మా బావ తాపుటు మొండిమనిషి. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు గానీ, ఉన్నమాట అనకపోతే నాకు కడుపుబ్బరం.

ముప్ఫై ఏళ్ళు మా రిమతర దీవి రేవులో ఆయన పని ఒక్కటే. పెద్ద దీవి తహితి నుంచి ఓడ వచ్చినప్పుడల్లా ప్రతి మూటా, ప్రతి పెట్టే తట్టి, వాసన చూసి, నల్ల ఎలుక జాడ లేదని తేల్చుకున్నాకే ఊళ్ళోకి పోనిచ్చేవాడు. ఓడ దిగిన వాళ్ళందరూ రేవులో పొగలోంచి నడిచి రావాలి, అది మా పాత ఆచారం. ఎలుక పొగకు జడవదు, దానికి బావే కావాలి. మా దీవిలో ఇంకా అడుగుపెట్టని ఆ నల్ల ఎలుక చెట్టెక్కిందంటే తొర్రలో ఊరా చిలుక గుడ్లూ మిగలవు, పిల్లలూ మిగలవు. ఎర్ర పొట్ట, పచ్చ రెక్కల ఆ పిట్ట మా దీవిది. దాని జోలికి పోకూడదని వెనకటి రాణిగారు ఆన పెట్టారు. మనుషులు విన్నారు. ఎలుకలు వింటాయా?

"ఎలుకల మొగుడొచ్చాడు!" అని జనం వెక్కిరించేవారు. మా అక్క మారుయా అయితే అందరి ముందే, "పక్కలోకి వచ్చేముందు నన్నూ తట్టి చూస్తావేంటయ్యా?" అనేది. ఆయన చెవులు ఎర్రబడేవి.

అక్కకు రొమ్ములో గడ్డ లేచింది. తహితి ఆసుపత్రికి తోడుగా నేను వెళ్ళాను. బావ రేవు వదిలి రాలేదు, అదీ నా కడుపుమంట. పదకొండు నెలలు అక్క మంచం మీద కూర్చుని దుప్పటి కుట్టింది. తెల్లగుడ్డ మీద ఎర్రటి ఊరా పిట్టలు. మా వాళ్ళు పోతే కుట్టిన దుప్పటి కప్పి మట్టి చేస్తాం.

"ఇది నాకేనే. మీ బావ చేత్తో కప్పమను. చెప్పకపోతే ఆ మొద్దుకు తెలీదు," అంది.

ఆఖరి పిట్టకు కన్ను కుట్టిన నాలుగో రోజున పోయింది.

దుప్పటి పెట్టడానికి సంతలో పాత చెక్కపెట్టె కొన్నాను. మూలన కన్నం ఉంది. ఏడుపులో పట్టించుకోలేదు. ఈ దీవిలో పుట్టి, ఆ మనిషికి మరదలినై ఉండి! నా బుద్ధి గడ్డి తింది.

శవపేటికను పొగలోంచి మోసుకొచ్చారు. బావ దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇటు తిరిగి నా పెట్టె తట్టాడు. వేలు కన్నం దగ్గర ఆగింది. పక్కనే రెండు ఎలుక పెంటికలు.

"వైహెరె, ఇదేంటి?"

"పాత కన్నం బావా. కొన్నప్పుడే ఉంది."

"ఓడలో నీ దగ్గరే ఉందా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "లేదు. కింద సరుకుల్లో పడేశారు," అన్నాను.

"తెరువు తాపుటూ, ఉంటే ఇక్కడే చంపేద్దాం," అన్నాడు పడవవాడొకడు.

"దూకితే ఎవడు పట్టుకుంటాడు? నువ్వా? మొన్న కోడిపెట్టనే పట్టలేకపోయావు," అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు.

"బావా, అందులో అక్క కుట్టిన ఊరా పిట్టల దుప్పటి ఉంది. నీ చేత్తో కప్పమంది. నీ కాళ్ళు పట్టుకుంటా."

"పిట్టలెన్ని?" అని అడిగాడు.

"పన్నెండు."

తలూపాడు. పెట్టెకు రాళ్ళు కట్టి, ఒక్కడే పడవెక్కి పగడపు దిబ్బ దాటి పోయాడు. ఖాళీ పడవతో తిరిగొచ్చాడు.

అక్కను నా పెళ్ళి దుప్పటి కప్పి మట్టి చేశాం. ఆరేళ్ళు బావతో మాట్లాడలేదు. చివరికి ఒకరోజు చేమదుంపలు ఉడికించి తీసుకెళ్ళి అడిగేశాను.

"నిజం చెప్పు బావా. అందులో ఎలుక ఉందా?"

"తెలీదే. చెవి పెట్టి వినలేదు. వింటే, ఏ చప్పుడూ లేకపోతే, ముంచగలనా?"

వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. కన్నం పెట్టె కొన్నది నేను, మాట పడింది ఆయన.

పోయిన ఏడు ఆయనా పోయాడు. దుప్పటి కుడతానంటే ముందే వద్దన్నాడు, మీ అక్క తనది లేకుండానే పోయింది కదా అని. చాప చుట్టి మట్టి చేశాం. పైన అరటిపూలలో పిట్టలు కీచుకీచుమంటూనే ఉన్నాయి. వాటి మీద నాకు ఎంత కోపం వచ్చిందో!

ఇప్పుడు రేవులో పెట్టెలు తట్టేది నేనే. మొన్నటి ఓడలో ఒక తల్లి, తహితిలో పోయిన తన బిడ్డ గౌన్ల మూట తెచ్చుకుంది. ఒక మూల కొరికి ఉంది.

"ఒక్కసారి విప్పి చూడత్తా," అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నేను చెవి పెట్టలేదు. "గౌన్లెన్ని?" అని అడిగాను.

"ఏడు," అంది.

మూటకు రాయి కట్టి పడవెక్కాను.