వాసన వచ్చిందన్నాను

ఏళ్ల తరబడి ఒక మాటను నోట్లో పెట్టుకుని బతుకుతున్నాను. మింగుదామంటే దిగదు, ఉమ్ముదామంటే రాదు. ప్రార్థనకు కళ్లు మూసుకున్నా అదే, అన్నం ముందు కూర్చున్నా అదే. నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు.

మాది మార్కాపురం. కొనకనమిట్ల పక్క చేలల్లో కూలికి పోయి ఒక్క కొడుకును పెంచాను. వాడు మద్రాసులో రంగుచేపల దుకాణంలో పనిచేసి, తిరిగొచ్చి ఇక్కడ సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. కోడలు నర్సు. ఇద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికి. వాళ్ల కూతురు ఎస్తేరుకు పాలు మాన్పించిన నాటి నుంచి స్నానం, జడ, అన్నం, నిద్ర అన్నీ నా దగ్గరే. అది నా పిల్ల అనుకున్నాను. తప్పు అక్కడే మొదలైందేమో.

కొడుకు ఇంట్లో ఒక గాజు తొట్టి పెట్టాడు. మామూలు చేపల తొట్టి కాదు, ఉప్పునీళ్లది. లోపల సముద్రపు రాళ్లు, పగడాలు, నత్తలు, ఒక జత చేపలు. మేము ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఊళ్లో, వాడు ఫిల్టరు నీళ్లు కొని, ఉప్పు కలిపి చేపలకు పోసేవాడు. నాకు కడుపు మండేది. పిల్ల దాని ముందు నవ్వుతూ కూర్చునేది కాబట్టి ఊరుకున్నాను.

ఒక ఎండాకాలం ఆ రాళ్లకు నాచు పట్టింది. పచ్చగా, వెంట్రుకల్లాగా. పగడాలు కూడా కనపడకుండా పోయాయి. పిల్ల బెంగపెట్టుకుంది. కొడుకు మద్రాసు నుంచి చిన్న ఎండ్రకాయలు తెచ్చి వదిలాడు. ఖాళీ శంఖాల్లో, గుల్లల్లో దూరి, వాటిని వీపున మోసుకుని తిరిగే జాతి. పగలంతా రాళ్లను గీరుకుంటూ నాచు తినేవి. అవి పెరిగేకొద్దీ ఇంకా పెద్ద గుల్ల కావాలట. ఖాళీది దొరక్కపోతే ఒకదాన్నొకటి చంపుకుంటాయని, నత్తల్ని చంపి వాటి గుల్ల లాక్కుంటాయని కొడుకు పిల్లకు చెప్తుంటే, నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నాను. విన్నానా? విన్నాను. ఇప్పుడు బుకాయించి లాభం లేదు.

ఈ మెట్టప్రాంతంలో సముద్రపు గుల్లలు ఎక్కడ దొరుకుతాయి? పిల్ల వాళ్ల అమ్మమ్మకు ఫోను చేసింది. అంటే నా వియ్యపురాలు, నేను వదినా అని పిలిచే మనిషి. ఆమెది కొత్తపట్నం పక్కన సముద్రపు ఒడ్డు, ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఇసుకలో వంగి గుల్లలు ఏరి, ఉడకబెట్టి, ఎండబెట్టి, గుడ్డసంచిలో మూటకట్టుకుని బస్సులు మారి వచ్చింది. పిల్ల ఆ మూట విప్పిన తీరు ఇంకా నా కళ్ల ముందే ఉంది. క్రిస్మసుకు నేను కొన్న గౌను పొట్లం కూడా అట్లా విప్పలేదు. అమ్మమ్మా మనవరాలూ నేలమీద బోర్లా పడుకుని, ఏ ఎండ్రకాయ ఏ గుల్లలోకి మారుతుందో చూస్తూ అన్నం మరిచిపోయారు. నేను పిలిచాను. మళ్లీ పిలిచాను. పిల్ల తల తిప్పకుండానే, "ఉండు జేజీ, నువ్వు సముద్రమే చూడలేదంట గదా, నీకేం తెలుసు" అంది.

వదిన నవ్వింది. ఎగతాళికి కాదు, పిల్ల మాటలకు. ఇప్పుడు తెలుసు. ఆ రాత్రి పిల్ల నా మంచం దిగిపోయి ఆమె పక్కన పడుకుంది.

నేను దేనికి ఏడ్చాను? గుల్లలకా? సముద్రానికా? నేను ఇన్నాళ్లు పెట్టిన అన్నం, దువ్విన తల, జ్వరమొస్తే మేలుకున్న రాత్రులు ఒక పక్క పెట్టి, ఊరికే దొరికే ఇసుకలోని పెంకులు ఇంకో పక్క పెడితే, పిల్ల చూపు పెంకుల వైపే తిరిగిందే అని, కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. చుట్టపుచూపుగా వచ్చేదానికి అంత ప్రేమా? ఇంటి మనిషికి ఇంతేనా?

ఆమె వెళ్లిపోయింది. కొడుకు చేపలు తేవడానికి మద్రాసు పోయాడు. పిల్లకు పరీక్షలు, తొట్టి వంక సరిగా చూడటం లేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తొట్టిలో చెయ్యి పెట్టి, రాళ్ల సందుల్లోంచి ఖాళీ గుల్లలన్నీ ఏరి తీసి, పెరట్లో చెత్త గుంటలో వేసి మన్ను కప్పాను. గలీజుగా ఉన్నాయి, శుభ్రం చేస్తున్నా అనుకున్నాను. అట్లా అనుకోవడానికి కూడా కష్టపడాల్సి వచ్చింది.

కొడుకు వచ్చేసరికి నత్తలు చచ్చాయి. వాటి గుల్లలు ఎండ్రకాయల వీపున ఉన్నాయి. ఎండ్రకాయలు కూడా కొన్ని, గుల్ల ఊడిపోయి, మెత్తగా వంకర తిరిగి పడి ఉన్నాయి. నీళ్లు చెడి చేపలు కూడా పోయాయి. పిల్ల ఏడుపు ఆపలేకపోయాం. ఖాళీ గుల్లలు ఏవని కొడుకు అడిగాడు. నత్తలు చచ్చాక నేనే తీసి పారేశానని, అవి కంపు కొడుతున్నాయని, మీ అత్త సరిగా ఉడకబెట్టినట్టు లేదని చెప్పాను. ముందు జరిగింది వెనక్కి పెట్టాను, అంతే. అబద్ధం ఎంత సులువుగా కుదిరిందో. వాడు నమ్మాడు. పిల్ల నమ్మింది.

తర్వాతి సారి వదిన ఇంకో మూటతో వచ్చింది. పిల్ల చెయ్యి చాపలేదు.

"నాకొద్దు. నీ గుల్లల వల్లే అన్నీ చచ్చిపోయినాయి."

వదిన నా వైపు తిరిగింది. "రెండుసార్లు ఉడకబెట్టానే వదినా. నిజంగా వాసన వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

"అయితే తప్పు నాదే. ఎండుచేపల్లో బతికేదాన్ని, ముక్కు చచ్చిపోయి ఉంటుంది" అంది. మూట విప్పకుండానే తిరిగి తీసుకుపోయింది. మళ్లీ మా ఇంటికి ఏమీ తేలేదు.

ఎస్తేరు ఇప్పుడు ఒంగోలులో చదువుకుంటోంది. నాకు రోజూ ఫోను చేస్తుంది. అమ్మమ్మకు పండక్కి చేస్తుంది. అంటే నేనే గెలిచాను. ఇప్పటికీ అది "అమ్మమ్మ ఎట్లుంది" అని అడిగితే నాలో ముల్లు కదులుతుంది. ఇంత జరిగాక కూడా. నన్ను ఏమనాలి?

మొన్న వదిన వాళ్లింట్లో కుటుంబ ప్రార్థనకు పోయాను. వదిన చేపల పులుసు చేసింది. వడ్డించే ముందు గరిటె నా ముక్కు దగ్గరకు తెచ్చి, బాగుందా చూడు వదినా, నా ముక్కును నేను నమ్మను అంది. ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లకు అట్లా చూపించి గానీ పెట్టదట. తన చేతి వంటను తానే అనుమానించేలా చేసింది నేను. ఆమె అడిగిందీ నన్నే. బాగుంది అన్నాను. అక్కడ, ఆ గరిటె ముందు, చెప్పాల్సింది. చెప్పలేదు. తినేసి వచ్చాను.

ఆమె గుల్లల్లో ఏ వాసనా లేదు. సున్నం లాగా తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. నేను తీశాను. తీసిన తర్వాతే నత్తలు చచ్చాయి.

ఇది ఆమె ముందు చెప్పాల్సిన మాట, నీ ముందు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. కూడబలుక్కుని రాసేసరికి వేళ్లు నొప్పి పుట్టాయి. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.