గుత్త తీరిన ఇంజెక్షను

మొన్న శనివారం బీపీ మాత్రలు అయిపోయి, కర్నూల్లో మా సందు మొగదల ఉన్న శెట్టి మందుల షాపుకి పోయి నిలబడితే, ఆయన అప్పుడే వచ్చిన అట్టపెట్టె విప్పి డబ్బాలను అలమారాలో సర్దుతూ కనిపించాడు. నాలుగు రంగుల డబ్బాలు, నాలుగు కంపెనీలవి, లోపల ఉన్న ఇంజెక్షను మాత్రం ఒక్కటే. నేను సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్నని ఆయనకు తెలుసు కాబట్టి, ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "చూడు సిస్టరమ్మా, దీని పేటెంటు పోయినాది. ఇప్పుడు ఎవరు బడితే వాళ్లు చేస్తాండారు. రేటు శానా దిగింది" అన్నాడు, కందిపప్పు ధర దిగినంత సంబరంగా. డబ్బా మీది పేరు చదివాను. ఆ పేరు నేను కళ్లు మూసుకున్నా రాయగలను. మాత్రల సంగతే మరిచిపోయి, డబ్బా ఆయన బల్ల మీద పెట్టేసి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూలబడ్డాను.

మా చిన్నాయన గుర్తొచ్చాడు. మా నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు. కోడుమూరుకు అవతల, వాన పడితేనే పంట అనే మెట్టపొలం ఆయనది, ఒక ఏడు శనగ, ఒక ఏడు ఆముదాలు, రెండేళ్లకోసారి ఏమీ లేదు. కానీ ఆదివారం వస్తే చూడాలి ఆయన్ని! తెల్ల పంచె కట్టి, చర్చి ముందు వేలాడే రైలుపట్టా ముక్కను సుత్తితో కొట్టాడంటే ఊరి చివర ఇళ్ల దాకా అందరూ లేచి కూర్చోవాల్సిందే. మా తాత కాలం నుంచీ ఆ పట్టా కొట్టేది మా ఇంటివాళ్లే, సంఘ పెద్ద కూడా ఆయనే. ఆరాధన అయ్యాక నా పైటలో బొరుగులు పోసి, నేను చదివే క్లాసు ఏదో మరిచిపోయి ప్రతిసారీ అడిగేవాడు. నర్సు ట్రైనింగుకి పంపడానికి మా నాయన వెనకాడితే, మూడు రోజులు మా ఇంట్లో ముద్ద ముట్టకుండా అలిగి నన్ను బస్సెక్కించింది కూడా ఆయనే.

ఇంకో పని కూడా ఉండేది ఆయనకు, ఈ కాలం వాళ్లకు చెబితే మొహం చిట్లిస్తారు. ఎండాకాలంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కోడెదూడలను తోలుకొచ్చి మా కళ్లంలో, మగతనం పోయి కాడికి లొంగాలని, విత్తులు కొట్టించేవాళ్లు. కొట్టేవాడు వేరే ఊరి నుంచి వచ్చేవాడు గానీ, కోడెను పడేసి మెడ మీద మోకాలు పెట్టి పట్టుకునేది మా చిన్నాయనే, అంత బలం ఇంకెవరికీ లేదు. ఆడపిల్లలం కదా, మమ్మల్ని ఇంట్లోకి తరిమి తలుపేసేవాళ్లు, అయినా ఆ అరుపు తలుపు దాటి రాకుండా ఉంటుందా? ఆ సాయంత్రం ఆయన ఆ కోడె ఒళ్లు నిమురుతూ కూర్చునేవాడు.

అలాంటి మనిషి అరవై దాటాక ఒకరోజు నడుము పట్టుకొని, ఒంటేలు సరిగ్గా రావడం లేదని సిగ్గుపడుతూ నా డ్యూటీ గది ముందు నిలబడ్డాడు. పరీక్షలన్నీ అయ్యాక తేలింది, మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథికి క్యాన్సరు, అప్పటికే వెన్నుపూసలోకి పాకింది. డాక్టరు నన్ను పక్కన కూర్చోబెట్టి వివరంగానే చెప్పాడు. ఈ జబ్బుకు తిండి మగ హార్మోను, దాన్ని ఆపేస్తే జబ్బు చాలా ఏళ్లు లొంగి ఉంటుంది. ఆపడానికి రెండు దారులు. వృషణాలు తీసేసే చిన్న ఆపరేషను ఒకటి, అది మా ఆసుపత్రిలో ఉచితం. రెండోది నెలనెలా పొట్ట మీద చర్మం కింద వేసే ఇంజెక్షను, మన మాంసకృత్తుల్లో ఒక చిన్న ముక్క లాంటిదాన్ని తయారుచేసి, హార్మోనుకు హుకుం ఇచ్చే తలుపు దగ్గరే అడ్డం నిలబెడతారట. పాత రకం ఇంజెక్షన్లు మొదట హార్మోనును కాస్త ఎగదోసి తర్వాత అణుస్తాయి, వెన్నుపూసకు పాకినవాళ్లకు ఆ ఎగదోపే ప్రమాదం అని, ఈ కొత్తదైతే మేలన్నాడు. కొత్తదాన్ని చేసే కంపెనీ మాత్రం ఒక్కటే, ధర చెబితే సరిగ్గా విన్నానా అని రెండోసారి అడిగాను.

ఆపరేషను మాట ఎత్తగానే చిన్నాయన లేచి నిలబడ్డాడు. కళ్లంలో ఆయన పట్టుకున్న కోడెలన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయేమో అనుకున్నాను, అదొక్కటే కాదు. అక్కడ దెబ్బ తిన్న మగవాడు దేవుని సమాజంలో అడుగు పెట్టకూడదని పాత వాక్యంలో ఒకచోట ఉంది, అది ఆయన మనసులో నాటుకుపోయింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఇంటికొచ్చి గంటల తరబడి నచ్చజెప్పారు, అలాంటివాళ్లకు తన ఇంట్లో మంచి చోటు ఇస్తానని దేవుడే తర్వాత చెప్పాడని చదివి వినిపించారు. చిన్నాయన తలాడించాడు గానీ, అటువంటి ఒంటితో ఆ పట్టా ముట్టనన్నాడు. నేను కోప్పడ్డాను, ఏడ్చాను, నర్సుగా చెప్పాల్సిందంతా చెప్పాను. కోడెను మెడపట్టి పడేసిన మనిషి, ఆయన్ని వంచడం ఎవరి తరం?

ఆ ఏడు కోతల పండుగ సొమ్మును చర్చి కప్పుకు కాకుండా ఇంజెక్షన్లకు ఇవ్వాలని సంఘమంతా ఒక్క మాట అనుకుంది. మా దిక్కు ఆ పండుగ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కోడి, గుమ్మడికాయ, జొన్నల చేట, ఏది తెచ్చినా వేలం వేస్తారు, పాడుకున్నవాడు దాన్ని ఇంటికి పట్టుకుపోకుండా మళ్లీ వేలానికే ఇస్తాడు. ఒక్క నాటుకోడి ఆరోజు ఎందరి చేతులు మారిందో, దాని మొహం చూస్తే మాకే జాలేసింది. ప్రతి ఏడూ వేలం పలికేది చిన్నాయనే, అందరినీ ఎగతాళి చేసి, బావలను రెచ్చగొట్టి ధర పెంచేవాడు. ఆరోజు కూడా లేచి "ఒకటోసారి" అన్నాడు గానీ, కోడిని అయ్యగారి చేతిలో పెట్టి కూర్చున్నాడు. అయ్యగారే అందుకొని పలికారు.

ఆ పైకంతో కొన్ని నెలలు నడిచింది. నొప్పి తగ్గింది, మొహం తేటపడింది, పొట్ట మీద నేనే సూది వేసేదాన్ని. అప్పుడే అడిగాడు, ఇంత రేటు ఎందుకు, ఇంకొకరు చేయకూడదా అని. కొత్త మందు కనిపెట్టినవాళ్లకు కొన్నేళ్ల పాటు తామొక్కరే చేసి అమ్ముకునే హక్కు సర్కారు రాసిస్తుందని, దాన్నే పేటెంటు అంటారని, గడువు తీరితే ఎవరైనా చేయొచ్చని చెప్పాను. "అంటే గుత్త మాదిరి" అన్నాడు వెంటనే. మా సీమలో కౌలును గుత్త అంటాం, గడువు తీరిందంటే ఉగాదికి చేను వదిలిపెట్టాల్సిందే. గడువు ఎప్పుడో కంపెనీ మనిషిని అడిగి చెప్పాను, ఎంతో దూరం లేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇక అక్కణ్ణుంచి ఒక నెల వేయించుకుంటే ఒక నెల మానేయడం, నేనెంత గింజుకున్నా వినడు. ఒక ఏడు బీడు పెడితే చేనుకు బలం వస్తుంది, ఒంటికి మాత్రం రాదా అని ఆయన లెక్క. చేనుకి సరిపోయే బుద్ధి ఒంటికి ఎందుకు సరిపోదో ఎంత చెప్పినా తలకెక్కలేదు.

గడువు తీరిన ఏడు, ఉగాది మరునాడే పంచె కట్టుకొని బస్సు దిగాడు. వేరే కంపెనీల మందేదీ రాలేదు, ధరా దిగలేదు. పొడిని నీళ్లలో కలిపే తీరుకూ, మొదటి నెల ఎంత, తర్వాత ఎంత అనే మోతాదుకూ కంపెనీ వేరే పేటెంట్లు అడిగింది, వ్యాజ్యం నడుస్తోంది, అది తేలేదాకా మిగతావాళ్లు ముట్టుకోరు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ముందు టీ తాగించి, తర్వాత చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు. "గుత్త తీరినంక చేను ఇడ్సకుంటే మా ఊర్లో పంచాయితీ పెడతారు పాపా. వీళ్లకు యాడ పెట్టేది?" అన్నాడు.

వానలు పడే కాలానికి కాళ్లు చచ్చుబడ్డాయి. నొప్పికి తాళలేక, చివరికి తనంతట తానే ఆపరేషనుకు ఒప్పుకున్నాడు. చేశారు. నొప్పి కొంత తగ్గింది గానీ పోయిన కాళ్లు రాలేదు. ఇంటికి పోయాక ఆదివారాలు ఆయన్ని మంచంతో సహా మోసుకుపోయేవాళ్లు, చర్చి మెట్టు దాకానే. లోపలికి ఎత్తబోతే గడప పట్టుకొని వదిలేవాడు కాదు. అయ్యగారు వాకిట్లోకి వచ్చి ప్రసంగం చేశారు, పిల్లలు వచ్చి బతిమాలారు, మా చిన్నమ్మ నెత్తి కొట్టుకొని ఏడ్చింది. ఎండలో, మెట్టు పక్కన, పాటలన్నీ బయటినుంచే పాడేవాడు. పట్టా మాత్రం వేరేవాళ్లు కొట్టారు. పోయినప్పుడు కూడా పెట్టెను లోపలికి తీసుకుపోవద్దని చెప్పి పోయాడు. సంఘ పెద్దకు, ఆఖరి ఆరాధన మెట్టు కింద జరిగింది.

ఇప్పుడు కోడుమూరు దిక్కు ఎద్దులున్న ఇల్లు వెతికితే గానీ కనబడదు, అంతా ట్రాక్టర్లే. చర్చికి నున్నటి బండలు వేశారు, మైకు పెట్టారు, రైలుపట్టాను ఎవరో పాత ఇనుముకి వేశారు. వ్యాజ్యం ఎప్పుడు తేలిందో, ఎవరు గెలిచారో నాకు తెలియదు, శెట్టి అలమారాలో నాలుగు రంగుల డబ్బాలు మాత్రం కూర్చున్నాయి. మంచిదే, ఎవరికైనా పనికొస్తే సంతోషమే అనుకోవాలి. అనుకోలేకపోతున్నాను.

మరిచిపోయిన మాత్రల కోసం సోమవారం మళ్లీ షాపుకి పోయాను. కోసిగి నుంచి వచ్చిన ఒకామె, భర్త మందుచీటీ పట్టుకొని బల్ల ముందు నిలబడి ఉంది. అదే జబ్బు. ఈ ఇంజెక్షను వేస్తున్నారట, ఇప్పుడది ఒక్కటే సాలదని, దాంతో పాటు కొత్త మాత్ర రాశారట. శెట్టి చీటీ చూసి, అది ఒక్క కంపెనీదేనమ్మా, దానికి ఇంకా పేటెంటు ఉండాది అన్నాడు. "అది ఎప్పుడు తీరుతాదప్పా?" అని అడిగిందామె. శెట్టి నావైపు చూశాడు. ఆమె చీటీని మడిచి కొంగున ముడేసుకొని షాపు మెట్టు మీద కూర్చుంది. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను.