పరంజాకెక్కిన కందకం చెక్కలు

1984లో నాకు గురజాల సెక్షన్‌లో జూనియర్ ఇంజనీరుగా పోస్టింగు వచ్చింది. ఒక ఊరికి మంచినీళ్ళ ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టించడం నా పని. ట్యాంకు చుట్టూ సరుగుడు కర్రల పరంజా, పక్కనే పైపులైను కోసం మనిషి ఎత్తుకు మించిన కందకం. నల్లరేగడి ఎండితే రాయిలా కనబడుతుంది, తడిస్తే నమ్మరాదు. అందుకని కందకం గోడలకు రెండు వైపులా చెక్కలు నిలబెట్టి, మధ్యలో దన్నుకర్రలు బిగిస్తాం. షోరింగ్ అంటారు దాన్ని.

మేస్త్రి సాంబయ్య తమ్ములిద్దరూ అక్కడే పనిచేసేవారు. పెద్ద తమ్ముడు అంకయ్య పరంజా మీద చెక్క జారి కిందపడి, ఆసుపత్రికి చేరకముందే పోయాడు. పెద్దకర్మ అయ్యాక పనిలోకి వచ్చిన సాంబయ్య పరంజా మొదలు దగ్గర కోడిని కోశాడు. చిన్న తమ్ముడు కోటిని కందకంలోకి దింపాడు.

"ఒకణ్ణి మింగింది చాల్లే సార్. ఈణ్ణి పైకెక్కనీయను. నేల మీదుంటే ఏంది భయం?" అన్నాడు.

కూలీలందరిదీ అదే మాట. పైకెక్కమంటే వెనకాడేవారు, కందకంలోకైతే పోటీపడి దిగేవారు. కందకమూ మనిషిని తింటుంది, చెక్కలు కదపొద్దని గొంతు చించుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

వాన పడిన మర్నాడు పై అధికారి పిలిస్తే మాచర్ల వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. పరంజా మీద చెక్కలు రెండు వరసలుగా పరిచి ఉన్నాయి. బుద్ధి వచ్చిందిరా వీళ్ళకి అని సంతోషించాను. దగ్గరికెళితే ఆ చెక్కలకు నల్లమట్టి అంటుకుని ఉంది. పైనుంచి ఇంకెవరూ పడకూడదని సాంబయ్య వాళ్ళు షోరింగ్ చెక్కలు పీకి పైకెక్కించారు!

"ఒరేయ్, అందరూ బయటికి రండిరా!" అని అరుస్తూ కందకం వైపు పరుగెత్తాను. మిగతావాళ్ళు గట్టు మీదికి ఎక్కేశారు. దూరపు కొసనున్న కోటి తలెత్తి, "ఏం కాదులే సార్, వస్తన్నా" అన్నాడు. గోడ అతని మీదికి కూలింది.

శవం బయటికి వచ్చేసరికి పొద్దు వాలింది. వేళ్ళ నుంచి నెత్తురు కారుతున్నా సాంబయ్య మట్టి తోడటం ఆపలేదు. తర్వాత నా మొహంలోకి చూసి ఒక్కటే అడిగాడు: "నేల మీదే పెట్టాను గదా సార్ ఈణ్ణి?"

సాంబయ్యది నిర్లక్ష్యం కాదు. దుఃఖం, భయం అతని చూపును పరంజాకు కట్టేశాయి. ఆ తర్వాత నా సర్వీసులో ఏ సైటులో ప్రమాదం జరిగినా, మర్నాడు జనం భయపడుతున్న చోటికి చివర వెళ్ళేవాణ్ణి. ధైర్యంగా పని చేసుకుంటున్న చోటికి ముందు వెళ్ళేవాణ్ణి.