తొర్రూరు దావత్‌కు ఒక చేదు సీసా

తొర్రూరు వరపూజలో నేను మా తమ్ముడికి కాబోయే వియ్యంకుడి మీదికి ఎగబడి, తమ్ముడి చేతిలోని గ్లాసు గుంజుకుని నేలకేసి కొట్టానని మా చుట్టాలంతా చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. నేను ఏ గ్లాసూ గుంజుకోలేదు. అవి ప్లాస్టిక్ గ్లాసులు, కొట్టినా పగలవు. ఇంకొందరు ఇంకాస్త ముందుకు పోయి, ఇటలీ మందు అని చెప్పి మగవాళ్ళకు కషాయం తాగించానంటున్నారు. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో తేలాలంటే శనివారం పొద్దున ఏడు ఇరవై నుంచి ఆదివారం సాయంత్రం దాకా జరిగింది వరుసగా రాయాలి. నాలాంటి పని పడే అక్కలు, భార్యలు మన దగ్గర ఇంకా ఉంటారు కాబట్టి బస్సుల వేళలు, కొలతలు కూడా రాస్తున్నాను.

మా తమ్ముడు రవీందర్ నాకంటే నాలుగేళ్ళు చిన్న. హన్మకొండలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. ఎనిమిది నెలల కిందట పదకొండు రోజులు దవాఖానలో ఉండి వచ్చాడు. ఇంకొక్క గుక్క తాగితే లివర్ గురించి నన్ను అడగొద్దని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అప్పటి నుంచి ముట్టలేదు. ఇంతలో వాడి బిడ్డ శ్రావణికి తొర్రూరు సంబంధం కుదిరింది. పెళ్ళికి ముందు ఆడపిల్లవాళ్ళు పెళ్ళికొడుకు ఇంటికి పోయి, అతనికి బొట్టు పెట్టి బట్టలు పెట్టేది వరపూజ. పూజ అరగంట. ఆ తర్వాత దావత్ మూడు గంటలు. ఆ దావత్‌లో పిల్ల తండ్రి మందు గ్లాసు పట్టకుండా వట్టి చేతులతో కూర్చుంటే సంబంధం ఇష్టం లేదని లెక్క.

నిజం చెప్పేస్తే పోయేది కదా అని ఇప్పుడు అందరూ నాకు బుద్ధులు చెబుతున్నారు. నిజం చెబితే ఏమయ్యేదో ఈ పెద్దమనుషులకు తెలియదా? "ఒక్క పెగ్గుకేం గాదు" అని ఒకడు పోస్తాడు. "పిల్ల తండ్రికి లివర్ పోయిందట" అని ఇంకొకడు పొద్దుగూకేలోపు ఖమ్మం దాకా చాటిస్తాడు. తాగేవాణ్ణి ఎందుకు తాగుతున్నావని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. తాగనివాడు మాత్రం అందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి.

ఆ కోపంలోనే ఫోనులో ఒక వంట వీడియో చూశాను. ఇటలీలో అన్నానికి ముందు ఆకలి పుట్టడానికి ఎర్రగా, చేదుగా ఉండేది ఒకటి తాగుతారట. అపెరిటివో అంటారట. అసలుదాంట్లో ఆల్కహాల్ ఉంటుంది, లేకుండా ఇంట్లో చేసుకునేవాళ్ళూ ఉన్నారు. నాకు ఇటలీతో పనిలేదు. రంగుతో, చేదుతోనే పని. గ్లాసులో షర్బత్ పోస్తే మగవాళ్ళు వాసనతోనే పట్టేస్తారు. చేదుగా, గొంతులో కొంచెం మంటగా ఉంటే మనిషి మెల్లగా తాగుతాడు, మొహం కూడా తాగేవాళ్ళ మొహంలాగే పెడతాడు. కమలా తొక్కలు ఉడకబెట్టి ఒకసారి, వేపపువ్వు వేసి ఒకసారి చేశాను. రెండోది నోట్లో పోసుకుని మా ఆయన, "జ్వరమచ్చినప్పుడు ఇయ్యి, ఇప్పుడు మంచిగనే ఉన్న" అన్నాడు. నేను ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకామె నా గోడు విని, అసలైన చేదు దబ్బకాయ తొక్కలో ఉంటుందనీ, నర్సంపేటలో వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో చెట్టు ఉందనీ చెప్పింది.

శనివారం పొద్దున ఏడు ఇరవైకి హన్మకొండ బస్టాండులో నర్సంపేట బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చారు. కిటికీ పక్క సీటు కావాలంటే పది నిమిషాలు ముందే వెళ్ళండి. నా పక్కన టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుంది, పత్తి ఏరడానికి పోతోంది.

"యాడికి పోతానవ్ టీచరమ్మా?"

"నర్సంపేటకు. దబ్బకాయలకు."

"పచ్చడికా?"

"కాదు, తాగనీకి చేదుగ ఒకటి చేస్త."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "మా ఇంటాయినెను తోలిస్త, దీస్కపో. నోరు తెరుస్తే చేదే."

బస్సులో వెనక సీటు వాళ్ళు కూడా నవ్వారు. ఆ రెండు రోజుల్లో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అక్కడే.

ఎనిమిది నలభైకి నర్సంపేటలో దిగాను. బస్టాండు బయట ఇడ్లీ తిని, టీ తాగి, పావుగంట నడిచి మా స్టాఫ్‌రూమ్ ఆమె పెద్దమ్మ ఎస్తేరమ్మ ఇల్లు చేరాను. ఆవిడ నర్సుగా చేసి రిటైరయింది. డెబ్బై దాటినా తనే దోటి పట్టుకుని నాలుగు దబ్బకాయలు తెంపింది. విషయం దాచకుండా చెప్పాను. ముందు నా వంట మీద పడింది.

"ఉడకవెడుతున్నవా? ఇంక కషాయం గాక ఏమైతది? తొక్క చక్కెరల పండవెట్టు బిడ్డా. పచ్చడికి ముక్క ఉప్పుల ఊరదా? గట్లనే చక్కెర తొక్కల నూనెనంత గుంజుతది. పొయ్యి మీద పెట్టినవంటే వాసన మొత్తం ఇంటి కప్పుకు పోతది, చేదొక్కటే మిగులుతది."

పొయ్యి, గిన్నె, గరిట తప్ప నాకు ఇంకేదీ తట్టలేదు. పచ్చళ్ళు పెట్టుకుంటూ పెరిగినదాన్ని, ఆ మాత్రం తోచనందుకు నా మీద నాకే మండింది.

"మా చర్చి గుడిల ప్రభువు బల్లకు ద్రాక్షరసం నేనే చేస్త," అంది ఎస్తేరమ్మ కాయలు సంచిలో వేస్తూ. "ఉట్టి రసమే. అందరికి ఒక్క తీరు చిన్న గ్లాసులు. నీ గ్లాసుల ఏమున్నదని ఎవ్వలు ఎవ్వలను అడుగరు."

మీ వాళ్ళు ఎంత మర్యాదస్థులండీ అన్నాను. "గుడి దాటినంక వాళ్ళూ గంతే," అంది.

తొమ్మిది నలభై ఐదు బస్సుకు తిరిగి ఎక్కి పదకొండున్నరకు ఇల్లు చేరాను. ఇక కొలతలు. రెండు దబ్బకాయలు, మూడు కమలాపండ్లు. కమలా తొక్క పైపొర మాత్రమే తీయాలి, దబ్బకు తెల్ల పొర కూడా కొంచెం ఉంచాలి, చేదు అందులోనే ఉంది. సన్నగా తరిగి, పావుకిలో చక్కెరతో పిసికి, మూతపెట్టి వదిలేయాలి. నేను మధ్యాహ్నం పన్నెండున్నరకు పెట్టాను. ఆదివారం పొద్దున ఐదింటికి చూస్తే గిన్నెలో పాకం తేలి, వంటిల్లంతా దబ్బ వాసన. అప్పుడు అర లీటరు నీళ్ళు మరిగించి దించి, రెండు చెంచాల టీపొడి, ఆరు లవంగాలు, పది దంచిన మిరియాలు, చిన్న దాల్చిన చెక్క, అల్లం ముక్క, రెండు గుప్పిళ్ళ ఎర్ర మందార రేకులు వేసి పది నిమిషాలు మూతపెట్టాను. వడకడితే వంకాయ రంగులో ఉంది. పాకం కలిపి, సగం దబ్బకాయ రసం పిండగానే ఎర్రబడింది. చిటికెడు ఉప్పు. తాగేటప్పుడు ఒక వంతుకు రెండు వంతుల సోడా, ఐసు, ఒక కమలా చక్రం. నాలుక కొసన తీపి, మింగాక చేదు, ఆ తర్వాత మిరియం మంట. మా ఆయన రెండోసారి అడిగాడు. ఆయన అడిగాడంటే చాలు.

మా వాళ్ళంతా ఏడున్నరకే తుఫాన్ జీపు కట్టుకుని బయల్దేరారు. నేను రవీందర్‌ను అందులో ఎక్కనివ్వలేదు. మా చిన్నాన్న కొడుకు శ్రీను ఉన్న బండి ఎక్కడెక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ఎనిమిది పదికి వరంగల్‌లో తొర్రూరు బస్సు పట్టుకున్నాం. సీసాను తువ్వాలులో చుట్టి పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదుటి సీటులో ముసలాయన కాసేపు చూసి అడిగాడు.

"తేనెనా అమ్మా?"

"కాదు, చేదు."

"చేదుకు గింత భద్రమా?"

వర్ధన్నపేటలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూద్దును కదా, రోడ్డు పక్కన మా తుఫాన్. వెనక తలుపు తెరిచి, డిక్కీ చుట్టూ గ్లాసులతో నలుగురు. పొద్దున తొమ్మిదైనా కాలేదు. పెళ్ళికొడుకు నుదుట బొట్టు పెట్టాల్సిన చేతులు. రవీందర్ అటు చూసి, ఫోను తీసి, లాకు తీయని తెరనే రుద్దుతూ కూర్చున్నాడు.

తొమ్మిది యాభైకి తొర్రూరు. పూజ పదకొండింటికి మొదలై చెప్పినట్టే అరగంటలో ముగిసింది. పిల్లవాడు నెమ్మదస్థుడు. శ్రావణి ఇంటి దగ్గర్నుంచే ఫోనులో చూసి మురిసింది. పెళ్ళికొడుకు తండ్రి యాదగిరికి విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఇంటి వెనక షామియానా వేసి, మగవాళ్ళకు బల్లలు వేయించాడు. నేను నా చేత్తోనే రవీందర్ గ్లాసు కలిపి ఇచ్చి, వంటవాళ్ళ పక్క కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను.

"ఏం బ్రాండ్ బావా, రంగు మంచిగున్నది?" అన్నాడు యాదగిరి.

"ఇటలీది," అన్నాడు రవీందర్.

"అబ్బో! మా తొర్రూరుల దొర్కదా?"

నవ్వులు. గంట గడిచింది. రెండోసారి గ్లాసు నింపాను. ఎవరికీ అనుమానం రాలేదు. నేను గెలిచాననుకున్నాను, చెప్పొద్దూ, కొంచెం పొగరు కూడా వచ్చింది.

అప్పుడు యాదగిరి వాళ్ళ కాక, అంటే చిన్నాన్న, లేచి చప్పట్లు కొట్టాడు. "ఆ, వియ్యంకులు గ్లాసులు మార్సుకోండ్రి ఇగ!"

తొక్క ఎంత మందం ఉండాలో లెక్కగట్టినదాన్ని, ఇది మరిచిపోయాను. మా వైపు సంబంధం ఖాయమైన దావత్‌లో వియ్యంకులిద్దరూ ఒకరి గ్లాసు ఒకరు తీసుకుని తాగుతారు. నా పెళ్ళప్పుడు మా నాన్న, మా మామ మార్చుకుంటుంటే పక్కనే ఉన్నాను. అయినా మరిచిపోయాను.

నా ఎర్ర గ్లాసు యాదగిరి చేతిలోకి పోయింది. నిండు విస్కీ గ్లాసు మా తమ్ముడి చేతిలోకి వచ్చింది. ఇరవై మంది మగవాళ్ళు చప్పట్లు. శ్రీను అయితే ఈల. వాడికి అన్నీ తెలుసు, దవాఖానలో రెండు రోజులు రవీందర్‌కు తోడు పడుకున్నవాడే. నేను కుర్చీలోంచి లేచి "రవీ!" అని అరిచాను. నేను చేసింది అంతే. రాసుకోండి, అంతే.

వాడు నా వైపు చూడలేదు. గ్లాసు వైపు చూశాడు. ఎంతసేపో నాకు తెలియదు, చప్పట్లు ఆగిపోయేంతసేపు. తర్వాత వంగి, గ్లాసు వంచి, "నాయినా, నీకు సాక" అన్నాడు. తాగేముందు పోయిన పెద్దల పేరు చెప్పి నాలుగు చుక్కలు నేల మీద పోయడం సాక. నాలుగు చుక్కలు. వీడు గ్లాసు మొత్తం పోశాడు, మెల్లగా, చివరి చుక్క దాకా. వాడి చెప్పులు తడిశాయి. సాకను ఎవరు కాదంటారు?

అంతలో యాదగిరి ఎర్ర గ్లాసు ఒక గుక్క తాగి మొహం పెట్టాడు. "బావా, గిండ్ల మందు లేదు గదా!"

"లేదు బావా. ఎనిమిది నెల్లాయె నేను బంద్ జేసి. లివర్ ఖరాబైంది."

"గిదంత అక్క పని," అన్నాడు శ్రీను వెంటనే.

యాదగిరి నా వైపు తిరిగాడు. "ముందుగాల ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద వదినే. నన్ను పాగల్‌గాన్ని జేసిన్రు?"

"చెప్తే వట్టి చేతులతోటి కూసోనిస్తుండెనా అన్నా? మీ కాక పొద్దటి సంది ముగ్గురికి 'ఒక్క పెగ్గుకేం గాదు' అని పోసిండు. అండ్ల ఒకాయనకు షుగరు. నేను ఈడ్నే కూసోని చూస్తాన."

కాక నేల చూశాడు. యాదగిరి కాసేపు గ్లాసు తిప్పి తిప్పి చూసి, మిగిలింది తాగేశాడు. "చేదున్నది," అన్నాడు. "గని బాగనే ఉన్నది." సంబంధం అలాగే ఉంది. భోజనాలు పెట్టారు, మటన్ తిన్నాం. ఇదీ జరిగింది. ఇంకెవరైనా ఇంకోలా చెబితే నా దగ్గరికి పంపండి.

మూడు యాభైకి తిరుగు బస్సు. ఆదివారం సాయంత్రం సీట్లు దొరకడం కష్టం, తొర్రూరు బస్టాండులోనే ఎక్కండి, దారిలో ఎక్కొద్దు. రవీందర్‌కు కిటికీ వైపు ఇచ్చాను. వాడి చెప్పుల్లోంచి విస్కీ వాసన ఇంకా వస్తోంది. రాయపర్తి దాటేదాకా నేనే మాట్లాడాను. శ్రీనును తిట్టాను, కాకను తిట్టాను, చప్పట్లు కొట్టిన ఇరవై మందినీ పేరుపేరునా తిట్టాను. ఎంత ధైర్యం చేశావురా, ఆ గ్లాసు పారబోయడం మాటలా అన్నాను.

"అది పారవోసుడు కష్టం గాలె అక్కా," అన్నాడు వాడు బయటికి చూస్తూనే. "ఏమనుకోకు. అంతకుముందు గంటన్నర నువ్విచ్చిన గ్లాసు వట్టుకొని కూసునుడే పాణం మీదికొచ్చింది. ఐసు సప్పుడు, ఆ చేదు, ఆ ముచ్చట్లు... మరిచిపోయిందంత మళ్ళ యాదికొచ్చింది. రెండో గ్లాసు నింపినంక, అండ్ల ఏమున్నదో తెల్సి గూడ, నిషా ఎప్పుడెక్కుతదా అని చూస్తాన."

నేను సీసా చుట్టిన తువ్వాలు విప్పి, మళ్ళీ గట్టిగా చుట్టాను. వర్ధన్నపేట వచ్చేసరికి వాడు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. రెండు రోజులు, రెండు ఊళ్ళు, నాలుగు బస్సులు. అంతటా మంచి మనుషులే కలిశారు, దావత్‌లో కూడా చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఆ మంచివాళ్ళంతా కలిసి ఒక మనిషిని చంపబోయారు. అందులో నా చేయి ఎంతో నాకు లెక్క తేలడం లేదు. సీసాలో ఇంకా సగం ఉంది, నా ఒళ్ళోనే ఉంది. వచ్చే నెల పెళ్ళి. దావత్‌లు రెండు, అదే కుర్చీ, వాడి పక్కన అదే మనుషులు. ఇంట్లో తాగుడు మానిన మనిషి ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్పండి, ఈసారి వాడి చేతికి ఏమివ్వను?