ఉత్త గిన్నె, ఒక థాంక్స్

కింది అంతస్తులో ఎవరో గులాబీ పువ్వులు వండుతున్నారు. పిండిలో ముంచిన గుత్తి కాగే నూనెలోకి దిగగానే లేచే ఆ కొబ్బరిపాల కమ్మదనం, యాలకుల ఘాటు నన్ను అరవయ్యో దశకం చివరి తార్నాకకు లాక్కుపోయాయి.

అప్పుడక్కడ పెంకుటిళ్ల వరుసలు, సీతాఫలం పొదలు, వాటి వెనక యూనివర్సిటీ. మా నాయిన అందులో అటెండరు. పక్క వాటాలో ఏలూరు నుంచి వచ్చిన సాల్మన్ మాస్టారు, ఆయన భార్య కరుణమ్మత్త ఉండేవారు. క్రిస్మస్‌కు ఆమె గిన్నెడు గులాబీ పువ్వులు పంపితే, మా అమ్మ ఆ గిన్నెను దాచి, సంక్రాంతికి నువ్వులు, వాము వేసిన సకినాలు నింపి తిప్పి పంపేది. గిన్నె ఉత్తగా వెళ్లకూడదు. వెళితే మీకూ మాకూ చెల్లు అన్నట్టే. రెండిళ్లలో ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పుకోవడం మాత్రం నేను వినలేదు.

ఆ మాట క్యాంపస్‌లో విన్నాను. పతంగులు ఎగరేయడానికి పోయినప్పుడు, క్యాంటీన్ దగ్గర టక్ చేసుకున్న విద్యార్థులు చాయ్ అందుకుంటూ "థాంక్స్" అనేవారు. దాన్ని ఎవరి మీద వాడదామా అని తిరిగాను. ఒక జనవరి సాయంత్రం అమ్మ పెరట్లో సకినాలు చుడుతుండగా, ఆ గిన్నె పట్టుకుపోయి కరుణమ్మత్త చేతిలో పెట్టి, గర్వంగా "థాంక్స్" అన్నాను.

ఆమె గిన్నెలోకి చూసింది. "మీ అమ్మే ఇమ్మందా?"

పతంగి తొందరలో "ఆఁ" అనేశాను.

ఆంధ్రా, తెలంగాణా అని ఊరంతా రగులుతున్న రోజులవి. సంగతి తెలియగానే అమ్మ నా చెవి మెలిపెట్టింది. "ఉత్త గిన్నె ఇచ్చొచ్చినవా? గీ దినాలల్ల! మమ్మల్ని పొమ్మంటున్నరు అనుకోరా వాళ్లు?"

వేడి సకినాలతో మేం వెళ్లేసరికి కరుణమ్మత్త నిజంగానే ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుతోంది.

"నాకు తెల్వకుంట తెచ్చిండు వదినా. వీని ఇంగ్లీషు పాడుగాను!" అంది అమ్మ.

మాస్టారు నవ్వారు. "థాంక్స్ చెడ్డ మాట కాదండీ. తలుచుకోవడాన్ని ఇంగ్లీషువాళ్లు థింక్ అంటారు కదా, ఈ రెండూ ఒకే వేరు నుంచి పుట్టినవే. మీరు చేసింది మనసులో పెట్టుకుంటాను అని చెప్పడం అది."

"మనసుల పెట్టుకునేటోడు ఉత్త గిన్నె తెస్తడా సారూ?"

కరుణమ్మత్త కళ్లు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. సకినం విరిచి నా నోట్లో కుక్కి, "ఇంకోసారి నాకు థాంక్సు చెప్పావంటే వీపు చీరేస్తాను వెధవా" అంది. బట్టలు మళ్లీ దండెం ఎక్కాయి.

మరి కొన్నేళ్లకు మాస్టారు సొంతూరు వెళ్లిపోయారు. రిక్షా ఎక్కబోతూ అత్త నా తల నిమిరి, "మమ్మల్ని తలుచుకుంటూ ఉండరా" అంది. తలూపాను.

ఇప్పుడా పెంకుటిళ్లు లేవు, సీతాఫలం పొదలు లేవు. ఆటో అతనికి, లిఫ్ట్ ఆపినవారికి, చిరునామా చెప్పినవారికి రోజంతా థాంక్స్ చెబుతూనే ఉంటాను. ఆ మాటలో ఏముందో చిన్ననాడే తెలిసినవాణ్ణి. ఉద్యోగం పనుల మీద రైల్లో ఏలూరు మీదుగా ఎన్నిసార్లో వెళ్లాను, ఒక్కసారీ దిగలేదు. కరుణమ్మత్త ఉందో లేదో నాకు తెలియదు.