రెండో డ్రమ్ములోని ఎర్రబొబ్బర్లు

అది 2022, మార్చి నెల. శృంగవరపుకోట దాటి కొండల వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న ఊళ్లో నేను వ్యవసాయ సహాయకురాలిగా చేరి ఏడాదిన్నర అయింది. మాది శ్రీకాకుళం టౌను. అగ్రికల్చర్ డిప్లొమా చదివినా, ఉద్యోగంలో చేరేదాకా విత్తనాన్ని ల్యాబ్ బల్ల మీద తప్ప మరెక్కడా పట్టించుకుని చూడలేదు. పంటల నమోదు, విత్తనాల పంపిణీ, పొలంలో తెగులు కనిపిస్తే ఫొటో తీసి పై అధికారికి పంపడం నా పనులు. ఉద్యోగంలో మరిచిపోలేని సంగతి చెప్పమంటే తుఫాను గురించో, వరి గురించో చెబుతాననుకుంటారు అందరూ. నేను బొబ్బర్ల గురించే చెబుతాను. ఇప్పటికీ అది తలుచుకుంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

ఒకరోజు పొద్దున్నే రమణమ్మ ఆఫీసుకి వచ్చింది. ఆమె ఆ ఊరి మహిళా సంఘానికి పెద్ద. మాట తక్కువ, పని ఎక్కువ. కొంగు చివరి ముడి విప్పి గుప్పెడు బొబ్బర్లు నా రిజిస్టరు మీద పోసింది. ప్రతి గింజకూ గుండ్రటి కన్నం. ఆ కన్నాల్లోంచి నువ్వుగింజంత గోధుమరంగు పురుగులు బయటికొచ్చి నా అక్షరాల మీద నడవడం మొదలెట్టాయి. పప్పుగింజల్ని తొలిచే పుచ్చుపురుగు అది.

"ఈటిని సూడండి మేడంగారూ. ఒక డ్రమ్ము మొత్తం పిండయిపోనాది. రెండోదాంట్లో ఇప్పుడిప్పుడే అగుపిస్తన్నాయి," అంది.

ఆ గింజల సంగతి నాకు తెలుసు. కొండవాలులో, రాళ్ల మధ్య తీగలా పాకి కాసే ఎర్రబొబ్బర్లు అవి. ఆ ఊళ్లో తప్ప నేనెక్కడా చూడలేదు. మేము పంపిణీ చేసే రకం ఆ వాలులో నిలబడదు. కిందటేడు ఎర్రబొబ్బర్ల కాయ కోసే వేళకి వానలు పట్టుకుని, పంట చాలావరకు చేలోనే కుళ్లిపోయింది. అందరి ఇళ్లలోనూ మిగిలిన మంచి గింజల్ని సంఘం ఆడవాళ్లు ఏరి, రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పోసి రమణమ్మ ఇంట్లో పెట్టారు. ఊరంతటికీ జూన్ విత్తనం అదే. రెండో డ్రమ్ము కూడా పోతే ఆ రకమే ఆ ఊరికి దూరమైపోతుంది.

రమణమ్మ నడుముకి దోపుకున్న చిన్న అల్యూమినియం గొట్టం తీసి చూపించింది. "ఇందులో బిళ్లలు డ్రమ్ములో ఏస్తే సాలన్నారు. నిజమేనా?"

గొట్టం మీది పేరు చదివాను. గోదాముల్లో ఫ్యూమిగేషన్‌కి, అంటే విషపు గ్యాసుతో పురుగుల్ని చంపడానికి వాడే బిళ్లలవి. శిక్షణ ఉన్నవాళ్లు, మనుషులుండని చోట, తలుపులు బిగించి చేసే పని.

"మూత తియ్యలేదు కదా?"

"నేదు."

"డ్రమ్ము ఏ గదిలో ఉంది?"

"గుంటలు పడుకునే గదిలోన."

పురుగు కంటే ముందు ఆ గ్యాసు పిల్లల్ని తీసుకుపోతుందని చెప్పాను. ఆమె వెంటనే గొట్టం నాకిచ్చేసింది. దాన్ని ఆ రోజే మా అధికారికి అప్పగించాను. కానీ వెళ్లేముందు ఆమె అడిగిన మాట ఇంకా నా చెవిలో ఉంది. "అయితే ఏటి సెయ్యమంటారు?"

కనుక్కుని చెబుతానన్నాను.

మధ్యాహ్నం ఊళ్లోకి వెళ్లి ఇంటింటికీ ఒకటే ప్రశ్న వేశాను, మీ ఇంట్లో పుచ్చు పట్టని బొబ్బర్లు ఉన్నాయా అని. అందరూ తల అడ్డంగా ఊపారు. చివరి వరసలో ఒకామె మాత్రం, "పైడమ్మనడగండి, ఆవిడ కుండలో పురుగు సేరదు," అంది.

పైడమ్మకి డెబ్బై దాటి ఉంటాయి. వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. విషయం చెబితే, లేవకుండానే లోపలి మూల చూపించింది. "సూస్తావా? సూడు. సెయ్యెట్టకు. ముందు ముక్కెట్టు."

కుండ మూతకి కట్టిన గుడ్డ విప్పి వంగాను. ఘాటుగా, చల్లగా, కర్పూరానికీ మిరియానికీ మధ్యలో ఉండే వాసన గుప్పుమని కొట్టింది. బాలింతలకి నీళ్లు కాచేటప్పుడు వేసే వావిలాకు. పొడిపొడిగా నలిపిన ఆకు కింద ఎర్రబొబ్బర్లు నిగనిగలాడుతున్నాయి. గుప్పెడు తీసి ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఒక్క కన్నం లేదు.

నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. సువాసన మొక్కల్లో ఉండే నూనెలు పురుగుల్ని దూరంగా ఉంచుతాయని కాలేజీలో చదివిన పాఠం ఇక్కడ కుండలో కూర్చుని ఉంది. ఆకు పేరు తెలిసింది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆమెను మరో ప్రశ్న కూడా అడగలేదు. కొండ మీంచి దిగే గెడ్డ ఒడ్డున వావిలి పొదలు బోలెడు. ఒక గోనెడు కోయించి, ఆఫీసు మేడ మీద మండుటెండలో ఒక్కరోజులో గలగలలాడేలా ఎండబెట్టాను. మర్నాడే రమణమ్మ ఇంటికెళ్లి, గింజ ఒక వరస, ఆకు ఒక వరస చొప్పున రెండో డ్రమ్ము నింపి మూత పెట్టాను. ఇంక భయం లేదని కూడా చెప్పాను.

తొమ్మిదో రోజు ఆమె ఫోన్ చేసింది. "ఒకపాలి వస్తారా మేడంగారూ."

వెళ్లేసరికి డ్రమ్ము మూత తీసి ఉంది. "మీ ఆకు మీదే పురుగు నడుస్తన్నాది," అంది. నిజమే. నా వావిలాకు మీద పురుగులు తీరుబడిగా తిరుగుతున్నాయి. పైన గింజల్లో కన్నాలు పెరిగాయి. నా ముఖం చూసి రమణమ్మే సర్దిచెప్పింది. "పోనీలెండి. మీరు మంచికే సెప్పారు." తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

ఆ ఆకు గుప్పెడు పట్టుకుని పైడమ్మ దగ్గరికి నడిచాను. ఆమె దాన్ని నలిపి, వాసన చూసి, కింద పారేసింది.

"ఓలమ్మా, ఇందులో ఏటుంది? ఉత్త సెత్త. ఎక్కడెండెట్టినావు?"

"మేడ మీద మామ్మా, ఎండలో."

"ఆకుని నీడలో ఎండెట్టాల. గింజని ఎండలో ఎండెట్టాల. నువ్వు తిరగేసేసినావు."

నేను అక్కడే అరుగు మీద కూర్చున్నాను. ఎండకి ఆకులోని నూనె ఆవిరైపోతుంది. వాసనే మందు అయినప్పుడు, వాసన పోయిన ఆకు చెత్తే. ఇంత చిన్న సంగతి చదువుకున్న నాకు తట్టలేదు. రెండో తప్పు ఇంకా పెద్దది. పుచ్చుపురుగు చేలోనే కాయ మీద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు గింజలోకి దూరి, లోపలే పెరిగి, కన్నం చేసుకుని బయటికొస్తుంది. ఆకు వాసన బయటి పురుగుని ఆపుతుంది కానీ గింజ లోపలున్నదాన్ని ఏమీ చెయ్యలేదు. పైడమ్మ దాన్ని రెండు ముక్కల్లో చెప్పింది. "నోపలిదాన్ని ఎండ సంపుతాది. బయటిదాన్ని వాసన తోలుతాది. రెండూ గావాల."

ఈసారి పుస్తకం తెరిచి, ఆమె చెప్పిన ప్రతి మాటా రాసుకున్నాను. ఆకు పొద్దున మంచు ఆరాక కొయ్యాలి. గాలి ఆడే నీడలో పరిచి, పచ్చదనం పోకుండానే నలిగేలా ఎండాలి. గింజలు టార్పాలిన్ మీద మూడు ఎండలు కాయాలి. పంటి కింద పెడితే ఠక్కున విరగాలి. వేడి మీద డ్రమ్ములో పొయ్యకూడదు, చెమ్మ పడుతుంది. పూర్తిగా చల్లారాకే పొయ్యాలి.

సంఘం ఆడవాళ్లు పదకొండుమంది కూర్చుని, ఒక పూటంతా కన్నం పడ్డవాటిని జల్లించి ఏరేశారు. డ్రమ్ములో నాలుగో వంతు పోయింది. మిగిలింది ఎండకి వేశాం. పైడమ్మ కర్ర పట్టుకుని టార్పాలిన్ చుట్టూ తిరుగుతూ, గంటకోసారి ఒక గింజ నోట్లో వేసుకుని విరిచి వినేది. "ఇంకా మెత్తగున్నాది," అనేది. మూడో రోజు సాయంత్రానికి ఠక్కుమంది. అప్పటికి ఆమె అరుగు మీద ఆకు కూడా సిద్ధంగా ఉంది, ఆకుపచ్చగా, ముట్టుకుంటే వేళ్లకి వాసన అంటుకునేలా.

డ్రమ్ము నింపాం కానీ నాకు నమ్మకం చాలలేదు. ఒకసారి భంగపడ్డాను కదా. అందుకని మూడు పచ్చడి సీసాలు తీసుకున్నాను. ఒక్కో దాంట్లో ఇరవై మంచి గింజలు. మొదటిది ఉత్త గింజలు. రెండోదాంట్లో నేను మేడ మీద ఎండబెట్టిన ఆకు. మూడోదాంట్లో పైడమ్మ ఆకు. పాడైపోయిన మొదటి డ్రమ్ములోంచి పురుగుల్ని పట్టి, మూడింట్లోనూ సమానంగా వదిలి, మూతికి పలచటి గుడ్డ కట్టాను. ట్రయల్ అంటాం మేము దీన్ని, పక్కపక్కన పెట్టి తేడా చూడడం.

మర్నాటికే ఊళ్లో వార్త పాకింది. చేలకి వెళ్లేవాళ్లు ముందు నా బల్ల దగ్గరికి వచ్చి సీసాలు చూసిపోయేవారు. మొదటి రెండు సీసాల్లో పురుగులు గింజల మధ్య తిరుగుతున్నాయి. మూడోదాంట్లో మాత్రం అన్నీ పైకెక్కి గుడ్డని పట్టుకుని వేలాడుతున్నాయి. పైడమ్మ వచ్చి కళ్లు చికిలించి చూసింది. "సూడండర్రా, దిగడం నేదు. గుమ్మం కాడే ఉండిపోనాయి," అంది.

ఐదో రోజు గింజల్ని తెల్లకాగితం మీద పోసి హ్యాండ్ లెన్స్‌తో, అంటే చేతిలో పట్టే చిన్న భూతద్దంతో చూశాను. పుచ్చుపురుగు గుడ్డు గింజ మీద సున్నపు చుక్కలా అతుక్కుని ఉంటుంది. మొదటి సీసాలో చుక్కలు లేని గింజ లేదు. రెండోదీ దాదాపు అంతే. మూడో సీసా గింజల్ని రెండుసార్లు తిప్పి తిప్పి చూశాను. రెండంటే రెండు గింజల మీదే చుక్కలున్నాయి. ఆ సీసా పట్టుకుని వీధిలో పరుగెత్తాను. రమణమ్మ ఇంటి ముందు ఆగాక గానీ చెప్పులు ఆఫీసులోనే ఉండిపోయాయని తెలియలేదు. ఆమె నా పాదాలు చూసి, సీసా చూసి, మొదటిసారి గట్టిగా నవ్వింది.

ఆ తర్వాత ప్రతి అమావాస్యకీ పాత ఆకు తీసి కొత్తది వేశాం. అమావాస్యకే ఎందుకని పైడమ్మని అడిగాను. "నెలకోపాలి మార్చకపోతే వాసన సచ్చిపోద్ది. అమాసైతే మరిసిపోను, అంతే," అంది. డ్రమ్ము తెరిచిన ప్రతిసారీ రమణమ్మ ముందు ముఖం పక్కకి తిప్పుకుని, తర్వాత మెల్లిగా లోపలికి చూసేది. పురుగు లేదని తేలాక ఊపిరి వదిలేది. ఏప్రిల్ గడిచింది, మే గడిచింది.

జూన్‌లో ఇంకో గండం మిగిలింది. ఎండకో, ఆకు ఘాటుకో మొలకే చచ్చిపోయి ఉంటే? జెర్మినేషన్ టెస్ట్ పెట్టాను. తడి గోనెపట్టా మీద వరసకి పది గింజల చొప్పున పది వరసలు పరిచి, చుట్టి, తడుపుతూ ఉంచడమే అది. నాలుగో రోజు పదిమంది మధ్యలో విప్పాం. తెల్లటి మొలకలు బారులు తీరి ఉన్నాయి. రమణమ్మ వేలితో ఒక్కొక్క వరసా లెక్కపెట్టింది. ఒక వరసలో రెండు, ఇంకో వరసలో ఒకటి తప్ప అన్నీ మొలిచాయి. వాన పడిన వారానికి ఇంటింటికీ మానికతో కొలిచి విత్తనం పంచారు. ఆ ఏడు వాలంతా ఎర్రబొబ్బర్ల తీగ పాకింది.

మరుసటేడు శృంగవరపుకోటలో రైతుల శిక్షణ తరగతి జరిగితే పైడమ్మని తీసుకెళ్లాను. మైకు పట్టుకుని, తరతరాలుగా వస్తున్న పెద్దల విద్య ఈమె దగ్గరుంది అని పరిచయం చేశాను. ఆమె నా మాటకి అడ్డొచ్చింది.

"తరాలేటమ్మా? మా అత్త బూడిద కలిపీది, సగం పోయీవి. ఇది నాను సూసుకున్నాను. మొదటి ఏడు పచ్చాకు ఏసినాను, బూజట్టి కుండ పోనాది. రెండో ఏడు గింజ వేడి మీద పోసినాను, అదీ పోనాది. మూడో ఏటికి కుదిరింది."

నేను పాతకాలపు ఆచారం అనుకున్నది, ఒక మనిషి మూడేళ్లు ఓపిగ్గా చేసిన ట్రయల్. నా మూడు సీసాలకి ఐదు రోజులు పట్టింది. ఆమెకి ఒక్కో సీసాకి ఒక్కో ఏడు పట్టింది, పైగా అందులో ఉన్నది ఆమె తిండిగింజ.

అప్పటినుంచి ఏ రైతు దగ్గరికి వెళ్లినా, "ఏం వాడారు?" అన్న ప్రశ్నతో ఆగను. మొదట ఏది పాడైంది, ఎందుకు పాడైందనుకున్నారు, మరుసటిసారి ఏం మార్చారు అని అడుగుతాను. ఆ ప్రశ్న వినగానే చాలామంది పక్కనున్న మంచం మీదో, అరుగు మీదో చోటు చూపిస్తారు. కూర్చుంటాను. అసలు సంగతి అక్కడినుంచే మొదలవుతుంది.